మందు లేని సూది

“సూది వేసినారు సరే, మందు యాడ?”

అనంతపురంలో ఒక మేడ మీది చిన్న గదిలో, మంచం మీద కాళ్లు చాపుకొని పడుకున్న మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండు మోకాళ్ల చుట్టూ పది సూదులు నిలబడి ఉన్నాయి. ఆమె లెక్కలో సూది అంటే సూదిమందే. జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి పోయి “ఒక సూది వెయ్యి నాయనా” అని అడిగి మరీ వేయించుకున్న మనిషి. మందు ఎక్కించకుండా ఊరికే గుచ్చి, ఇరవై నిమిషాలు అలాగే వదిలేసి, మళ్లీ పీకి చెత్తడబ్బాలో వేసేదానికి నాలుగు వందలు తీసుకోవడం ఆమెకు మింగుడు పడలేదు.

నాకైతే ఆ ప్రశ్న భలే నచ్చింది. ఆక్యుపంచర్ అనే ఈ చైనా సూది వైద్యం గురించి యాభై ఏళ్లుగా డాక్టర్లు, పరిశోధకులు కొట్లాడుకుంటున్నది కూడా ఇంచుమించు దీని మీదే. సూదిలో మందు లేదు కదా, మరి తగ్గిన నొప్పి దేనివల్ల తగ్గినట్టు? అసలు తగ్గినట్టేనా?

మేం పోయిన రెండో చోటు అది. మొదటి చోట మోకాళ్లు చూడకముందే బీపీ మాత్రలు మానేయమన్నారు. “శరీరమే సర్దుకుంటుంది, ఆ విషం ఎందుకు” అన్నారు. చెప్పులేసుకొని వచ్చేశాం. ఈ సంగతి మళ్లీ ఎత్తుతాను.

సూదిని దగ్గరగా చూస్తే ముందు దాని సన్నదనమే కంటపడుతుంది. మామూలుగా వాడేది పావు మిల్లీమీటరు మందం, అంగుళం నుంచి అంగుళమున్నర పొడవు. ఇంజెక్షన్ సూదిలాగా లోపల బోలుగా ఉండదు, నిండు స్టీలు తీగ. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, గొట్టాన్ని చర్మానికి ఆనించి, పైన వేలితో టక్కుమని తడితే దిగిపోతుంది. మొదటి రెండూ దిగినట్టు అమ్మకు తెలియనే లేదు. మూడోది మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, కాలి ఎముకకు బయటి పక్క కండలో వేశారు. చైనా వాళ్లు ఆ చోటును జూసాన్లీ అంటారు. దాన్ని దించి రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పేసరికి అమ్మ మొహం మారింది. “చీమ కుట్టినట్టు కాదు, లోపల ఎవరో పట్టుకొని గుంజినట్టు ఉండాది” అంది. ఆ బరువు, ఆ తిమ్మిరి, ఆ గుంజుడునే చైనా వైద్యులు ‘డె చీ’ అంటారు. అది వస్తేనే సూది సరిగ్గా పడినట్టు వాళ్ల లెక్క.

వాళ్ల సిద్ధాంతం ఇది: శరీరంలో ‘చీ’ అనే శక్తి 14 నాడుల్లో ప్రవహిస్తుంది, ఆ నాడుల మీద 361 చోట్లు ఉన్నాయి, ప్రవాహం ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి పుడుతుంది, సూది ఆ అడ్డు తీస్తుంది. నరాలను, రక్తనాళాలను కోసి చూపించినట్టు ఈ నాడులను ఇంతవరకు ఎవరూ చూపించలేదు. నేను దాన్ని రెండు వేల ఏళ్ల నాటి మనుషులు తమ అనుభవాన్ని గుర్తుపెట్టుకోవడానికి గీసుకున్న పటంలాగా చూస్తాను. పటం తప్పు కావచ్చు. అయినా దాన్ని పట్టుకొని నడిచినవాడు ఒక్కోసారి ఊరు చేరతాడు. అందుకే పటం సంగతి పక్కనబెట్టి, గుచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం.

అంతకంటే ముందు నొప్పి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మనకు నొప్పికి ఉన్నన్ని మాటలు డాక్టరు చీటీలో ఉండవు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, గుంజుడు వేరు, మంట వేరు. వైద్యులు ముందు చేసే విభజన మాత్రం కాలాన్ని బట్టి ఉంటుంది. దెబ్బ తగిలి, కాలు బెణికి, పన్ను పీకించుకొని వచ్చే నొప్పి తాజా నొప్పి. మూడు నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలిక నొప్పి. రెండూ ఒకే నొప్పి కాదు. తోటలో కాపలా కుక్క దొంగ వస్తే మొరుగుతుంది, అది తాజా నొప్పి. దొంగ పోయి ఆరు నెలలైనా ఆకు కదిలితే మొరుగుతూనే ఉంటే అది రెండో రకం. అక్కడ చెడింది తోట కాదు, కుక్క నిద్ర. గాయం మానినా వెన్నుపాము, మెదడు ఆ మొరుగుడుకు అలవాటు పడిపోయి, చిన్న కదలికనూ నొప్పిగా లెక్కగడతాయి. ఇలాంటి నొప్పికి రోజూ నొప్పి మాత్రలు మింగుతూ పోతే కుక్క ఊరుకోదు గానీ, కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ మాత్రం ఖాయంగా పొంచి ఉంటాయి. అందుకే మందు లేని దారుల కోసం వెతుకులాట.

ఇప్పుడు సూది. మోకాలు గడపకు తగిలితే వెంటనే రుద్దుకుంటాం. రుద్దితే ఎందుకు తగ్గుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక వాకిలి లాంటిది ఉందని, తాకిడిని మోసుకొచ్చే లావు నరాలు ముందుగా ఆ వాకిట్లో గుమిగూడితే నొప్పిని తెచ్చే సన్న నరాలకు దారి ఇరుకవుతుందని. సూది చేసే పనిలో కొంత ఈ రుద్దుడు లాంటిదే.

ఇంకొంత మెదడులో జరుగుతుంది. 1977లో అమెరికాలో మేయర్ అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పంటికి కరెంటుతో నొప్పి పుట్టించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో సూది గుచ్చి చూసింది. నొప్పి తగ్గింది. తర్వాత నాలాక్సోన్ అనే మందు ఇచ్చారు. మార్ఫిన్ ప్రభావాన్ని విరగ్గొట్టే మందు అది. ఇవ్వగానే సూది తెచ్చిన ఉపశమనం కూడా పోయింది. అంటే గుచ్చినప్పుడు శరీరం తనలోని మార్ఫిన్ లాంటి పదార్థాలను, ఎండార్ఫిన్లను, తానే విడుదల చేస్తోందన్నమాట. ఆ తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు, అది కూడా చెప్పాలి. బీజింగ్‌లో హాన్ జీషెంగ్ బృందం సూదులకు సన్నగా కరెంటు పెట్టి ఏళ్ల తరబడి పరిశీలించి, సెకనుకు 2 సార్లు కొడితే ఒక రకం పదార్థాలు, 100 సార్లు కొడితే ఇంకో రకం విడుదలవుతాయని తేల్చింది. క్లినిక్కుల్లో సూదులకు క్లిప్పులు పెట్టి వైర్లు తగిలించే పద్ధతికి ఆధారం అదే.

2010లో మెయికన్ నెడర్‌గార్డ్ బృందం చిట్టెలుకల మీద చేసిన పని నాకు మరీ ఇష్టం. ఎలుక మోకాలి దగ్గర, అచ్చంగా అమ్మకు గుచ్చిన ఆ జూసాన్లీ చోటే, సూది గుచ్చి తిప్పితే చుట్టూ కండలో అడినోసిన్ అనే పదార్థం చాలా రెట్లు పెరిగింది. అది అక్కడి నరాల నోరు నొక్కింది. ఉత్తినే గుచ్చి వదిలేస్తే లాభం లేదు, తిప్పాలి. పైగా ఫలితం గుచ్చిన కాలికే, రెండో కాలికి రాలేదు. ‘చీ’ అక్కర లేకుండానే ‘డె చీ’ గుంజుడుకు ఒక లెక్క దొరికినట్టయింది, ఎలుకల్లోనైనా.

ఇక మా సీమలో పాతకాలపు వాతల సంగతి. నడుం నొప్పికి, వాయువుకు ఇనుప కడ్డీ కాల్చి చర్మం మీద చురక పెట్టేవాళ్లు. మా తాత వీపున రెండు మచ్చలు నాకు బాగా గుర్తు. ఒకచోట కొత్త నొప్పి పుట్టిస్తే మరోచోటి పాత నొప్పిని మెదడు కాసేపు అణిచేస్తుందని 1979లో ఫ్రాన్సులో ల బార్స్ బృందం ఎలుకల్లో చూపించింది. అంటే వాతకూ కాస్త పని ఉంది, కాసేపటికి. పుండు, చీము, మచ్చ మాత్రం అదనంగా వస్తాయి. కాబట్టి వాతల జోలికి ఎవరూ పోవద్దు. ఒంటికి చిన్న బాధ పెట్టి పెద్ద బాధను మరిపించే తెలివి చైనా ఒక్కదాని సొత్తు కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ప్రపంచానికి ఆక్యుపంచర్ పిచ్చి పట్టిన కథలో ఒక పొరపాటు ఉంది. 1971 జులైలో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా విలేకరికి బీజింగ్‌లో ఉండగా అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రాశాడు. మరుసటి ఏడు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు, అమెరికా అంతా సూదుల మాటే. ఈ కథను నేటికీ చాలామంది “మత్తుమందు లేకుండా సూదులతోనే పొట్ట కోశారు” అని చెబుతారు. కాదు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. సూదులు గుచ్చింది తర్వాత రెండో రాత్రి, పొట్ట ఉబ్బరం, అసౌకర్యం తగ్గడానికి. తగ్గింది కూడా. విషయం అంతే. మన దేశానికి ఈ విద్య అంతకు ముందే వచ్చింది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు మన దేశం పంపిన ఐదుగురు డాక్టర్లలో కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంచర్ నేర్చుకొని, కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఒక మాత్ర పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలంటే సగం మందికి మందు, సగం మందికి చక్కెర మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. సూదికి చక్కెర మాత్ర ఏది? గుచ్చారో లేదో రోగికి తెలిసిపోతుంది కదా. అందుకని నకిలీ సూదులు కనిపెట్టారు. సినిమా కత్తిలాగా, ఆనించగానే పిడిలోకి మడుచుకుపోయే సూదిని 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ తయారుచేశాడు. లేదంటే అసలు సూదినే చోటు కాని చోట, పైపైన గుచ్చుతారు.

జర్మనీలో 1,162 మంది దీర్ఘకాలిక నడుం నొప్పి రోగులను మూడు గుంపులు చేశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే అసలు ఆక్యుపంచర్ చేయించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. చోటు కాని చోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం. మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో 27.4 శాతమే. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకొని కాసేపు ఆలోచించండి. ఆక్యుపంచర్‌ను నమ్మేవాళ్లు మొదటిదీ మూడోదీ చూపించి గెలిచామంటారు. నమ్మనివాళ్లు మొదటిదీ రెండోదీ చూపించి ఓడిపోయారంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

2012లో ఆండ్రూ వికర్స్ బృందం ఇలాంటి 29 పరీక్షల్లోని 17,922 మంది రోగుల వివరాలను ఒక్కొక్కరివిగా కలిపి లెక్కగట్టింది. అర్థమయ్యేందుకు ఆ పరిశోధకులే ఒక ఉదాహరణ ఇచ్చారు. వందకు 60 నొప్పితో మొదలైన మనుషులను అనుకోండి. సూదులే లేకుండా ఉన్నవాళ్ల నొప్పి 43కు దిగుతుంది. నకిలీ సూదులైతే 35కు, అసలు సూదులైతే 30కి. అంటే తగ్గిన ముప్పైలో పదిహేడు సూది గొప్పదనం కాదు. నొప్పి బాగా ముదిరినప్పుడే జనం వైద్యం కోసం పోతారు, ముదిరినది కొన్నాళ్లకు దానంతటదే కొంత దిగుతుంది, మామూలు మందులూ పనిచేస్తాయి. ఎనిమిది, ఏదో ఒకచోట గుచ్చినందుకు, పట్టించుకున్నందుకు, నమ్మకానికి. చివరి ఐదు మాత్రమే సరైన చోట సరిగ్గా గుచ్చినందుకు. ఐదు సున్నా కాదు. కానీ క్లినిక్ గోడ మీద పటంలో 361 చుక్కలు పెట్టి చెప్పే శాస్త్రమంతా ఆ ఐదు కోసమే.

నాకు కుతూహలం పుట్టించేది ఆ మధ్యలో ఉన్న ఎనిమిది. 2008లో టెడ్ కాప్‌చుక్ అనే ఆయన, స్వయంగా చైనా వైద్యం చదివినవాడే, పేగుల నొప్పితో బాధపడే 262 మంది మీద ఒక పరీక్ష చేశాడు. ఎవరికీ అసలు సూది గుచ్చలేదు. ఒక గుంపును ఊరికే వేచి ఉండమన్నారు. రెండో గుంపుకు నకిలీ సూదులు, మాటల్లేవు. మూడో గుంపుకు అవే నకిలీ సూదులు, కాకపోతే వైద్యుడు తీరిగ్గా కూర్చొని, బాధ అడిగి, విని, ధైర్యం చెప్పాడు. మూడు వారాలకు బాధ తగ్గిందన్నవాళ్లు మొదటి గుంపులో 28 శాతం, రెండో దాంట్లో 44, మూడో దాంట్లో 62. ఏ పెద్దాసుపత్రి ఓపీలోనైనా డాక్టరు ఎదుట ఒక మనిషికి దొరికే సమయం ఎంతో మనకు తెలుసు. మేడ మీది గదిలో అమ్మను అరగంట అడిగారు. నొప్పి ఎక్కడ మొదలైంది, రాత్రి లేస్తావా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, చిన్నప్పుడు ఏం పని చేసేదానివి. నలభై ఏళ్లు బుడ్డల (వేరుశనగ) చేన్లో వంగి పీకిన సంగతి అమ్మ మొదటిసారి ఒక వైద్యుడికి చెప్పింది. దీన్ని ‘అంతా మనసు మాయ’ అని కొట్టేయడం నాకు చేతకాదు. అలాగని ‘సూది మహిమ’ అనీ అనలేను.

ఈ చిక్కు వల్లే పెద్ద సంస్థలు కూడా ఒక మాట మీద నిలబడలేకపోతున్నాయి. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2009లో నడుం నొప్పికి ఆక్యుపంచర్ చేయించుకోవచ్చంది, 2016లో వద్దంది, 2021లో కారణం తేలని దీర్ఘకాలిక నొప్పికి మళ్లీ సరేనంది. నకిలీతో పోల్చాలా, ఏమీ చేయకపోవడంతో పోల్చాలా అన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతుంది. అమెరికాలో వైద్యుల సంఘం 2017లో నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో దీన్నీ చేర్చింది.

ఏ నొప్పికి ఎంత అన్నది చూస్తే, నా లెక్కలో ముందు వరస మైగ్రేన్‌ది. అదీ తలపోటు వచ్చాక తగ్గించడానికి కాదు, రాకుండా చూసుకోవడానికి. 2016లో, పరీక్షల ఫలితాలన్నీ కూడగట్టి తూకం వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 22 పరీక్షలు, దాదాపు ఐదు వేల మంది వివరాలు చూసింది. మామూలు వైద్యానికి సూదులు కలిపితే నూటికి 41 మందికి పోట్లు సగానికి తగ్గాయి, కలపకపోతే 17 మందికే. నకిలీ సూదులతో పోల్చినప్పుడు మాత్రం అసలుకు 50, నకిలీకి 41. తేడా చిన్నది, కానీ ఉంది. రోజూ మింగే నివారణ మాత్రలు పడనివాళ్లకు ఇది వాడిచూడదగ్గ దారి.

తర్వాత నడుం, మెడ. ధర్మవరంలో గుంత మగ్గంలో కాళ్లు పెట్టి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా వంగి పట్టు నేసే మనిషి నడుం గురించి ఆలోచించండి. (ధర్మవరం ఇప్పుడు సత్యసాయి జిల్లా అంటారు, మాకు ఇంకా అనంతపురమే.) బేతంచెర్ల, ఎర్రగుంట్ల పక్క నాపరాళ్లు ఎత్తేవాళ్లదీ అదే నడుం. వాళ్లకు సూదులు కొన్ని వారాలు హాయినివ్వొచ్చు. ఆ వారాల్లో నడుం కండ బలపడే వ్యాయామం మొదలుపెడితే ఆ హాయి నిలుస్తుంది. మగ్గం దగ్గర కూర్చునే తీరు మారకుండా, గంటకోసారి లేవకుండా ఎన్ని సూదులు పొడిచినా చిల్లుకుండలో నీళ్లే. వికర్స్ బృందం వాళ్ల తర్వాతి లెక్కల్లో వచ్చిన గుణంలో చాలా భాగం ఏడాది వరకు నిలిచిందని తేలింది, అది ఆశ కలిగించే మాటే.

మోకాలు అరుగుదల దగ్గరికి వచ్చేసరికి నేనే కొంచెం తగ్గుతాను. 2014లో ఆస్ట్రేలియాలో 50 దాటిన 282 మంది మీద చేసిన పరీక్షలో నకిలీ కంటే అసలు మెరుగ్గా రాలేదు. తొడ కండలకు వ్యాయామం, బరువు తగ్గడం, ఈ రెండింటి బలం ముందు సూది వెనకబెంచీ విద్యార్థే. ఇది తెలిసి కూడా అమ్మను ఎందుకు తీసుకుపోయావంటే, నొప్పి మాత్రలు ఆమె కడుపుకు పడటం లేదు. వ్యాయామం చెయ్యమంటే నొప్పి అని చేయడం లేదు. నొప్పి కొంత దిగితే చేస్తుందేమోనని ఆశ.

తాజా నొప్పి సంగతి వేరు. మెల్‌బోర్న్‌లో నాలుగు ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో నడుం పట్టేసి, చీలమండ బెణికి, మైగ్రేన్‌తో వచ్చిన 528 మందికి కొందరికి మందులు, కొందరికి సూదులు, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. 2017లో అచ్చయింది. సూదులు మందులకు తీసిపోలేదు. వినడానికి బాగుంది కదా. కానీ గంట తర్వాత ఏ గుంపులోనూ నలభై శాతం మందికి కూడా చెప్పుకోదగ్గంత నొప్పి తగ్గలేదు. మందులు కూడా అంత గొప్పగా పనిచేయలేదన్నది ఆ వార్తలో జనం చదవని సగం. పైగా తాజాగా పట్టేసిన నడుం ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే వదులుతుంది. ఆ వారాల్లో ఏం చేయించుకుంటే దానికే పేరొస్తుంది. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా మణికట్టు లోపలి పక్క, మూడు వేళ్ల పైన నొక్కడం, గుచ్చడం మాత్రం బాగా పరీక్షకు నిలబడిన విషయం. అది నొప్పి కాకపోయినా చెప్పకుండా ఉండలేను.

ఇక సూది దగ్గరికి పోకూడని నొప్పులు. మా జిల్లాల్లో మొదట చెప్పాల్సింది ఫ్లోరైడ్. మూడు తరాలు బోరు నీళ్లు తాగిన ఊళ్లలో నడుం వంగకపోవడం, మెడ తిరగకపోవడం, కీళ్ల నొప్పులు చాలాసార్లు ‘వాతం’ పేరుతో చెల్లుబాటవుతాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఎముకల్లో పేరుకుపోతుంది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురంలో వందల ఊళ్లకు నీళ్లిచ్చింది. అయినా పాత బోరు మీదే ఆధారపడిన ఇళ్లు ఉన్నాయి. ఆ నొప్పికి సూది కాదు, నీళ్లు మార్చాలి.

రెండోది వెన్నెముక టీబీ. నడుం నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ముందు ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్‌ఐ. గొర్రెలు మేపే ఇళ్లలో ఇలాంటి జ్వరం, నడుం నొప్పి బ్రుసెల్లోసిస్ కూడా కావచ్చు. పశువుల నుంచి వచ్చే జబ్బు అది, రక్త పరీక్షలో తెలుస్తుంది. నడుం నొప్పితో మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలం పడిపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి. ఛాతీ నుంచి ఎడమ చేతికి పాకే నొప్పికి సూది గుచ్చి ఇరవై నిమిషాలు పడుకోబెడితే ఆ ఇరవై నిమిషాలే ప్రాణం ఖరీదు. సూది నొప్పిని తగ్గించగలదు కాబట్టే ఈ జబ్బులను దాచి కూడా పెట్టగలదు.

ప్రమాదాలు నిజానికి తక్కువే. జర్మనీలో 2,29,230 మందిని గమనించిన ఒక అధ్యయనంలో 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువగా చిన్న రక్తపు మరక, కమిలిన చోటు. ఇద్దరికి మాత్రం ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. ఛాతీ, భుజం మీద సూది లోతుగా పోతే జరిగేది అదే. మన దగ్గర భయపడాల్సింది వేరే. సూది ప్యాకెట్టు మీ కళ్ల ముందు చింపారా, వాడినది పారేశారా అన్నది. ఒకరికి గుచ్చింది మరిగించి ఇంకొకరికి గుచ్చే చోట హెపటైటిస్ బి కూడా గుచ్చుకోవచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, షుగరుతో పాదం స్పర్శ పోయినవాళ్లు ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు వైర్లు పనికిరావు.

ఎవరి చేత గుచ్చించుకోవాలి? ఐదున్నరేళ్ల ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ చదివినవాళ్లకు ఆక్యుపంచర్ పాఠ్యాంశంగా ఉంటుంది. శరీర నిర్మాణం కూడా చదువుతారు. కొందరు ఫిజియోథెరపిస్టులు ‘డ్రై నీడ్లింగ్’ పేరుతో అవే సూదులను గట్టిపడ్డ కండల్లోకి గుచ్చుతారు. అందులో నాడులు, చీ ఉండవు. మహారాష్ట్ర ఆక్యుపంచర్‌కు సొంత చట్టం చేసుకుంది. ఎక్కడికి పోయినా నేను వాడే కొలబద్ద ఒక్కటే. బీపీ, షుగరు మాత్రలు మానేయమన్న నోటితో ఇంకేం చెప్పినా వినను. నిక్కచ్చిగా చెప్పే వైద్యుడు ముందు మీ ఎక్స్‌రే అడుగుతాడు. ఎన్ని సిట్టింగులకు తేడా రాకపోతే ఆపేయాలో ముందే చెబుతాడు. అమెరికాలో ప్రభుత్వ బీమా 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి డబ్బు కడుతోంది. 90 రోజుల్లో 12 సార్లు, గుణం కనిపిస్తేనే ఇంకో 8, కనిపించకపోతే బంద్. ముందుగానే 30 సిట్టింగులకు డబ్బు కట్టించుకునే ప్యాకేజీలకు ఈ లెక్క వినిపించాలి.

గుణం ఎలా తెలుస్తుంది? “పదికి ఎంత నొప్పి” అని అడిగితే అమ్మ రోజుకో అంకె చెప్పేది, ఎక్కువగా అడిగినవాడి మొహాన్ని బట్టి. అందుకని వంటింటి గోడ మీది క్యాలెండర్లో మూడు గుర్తులు పెట్టుకున్నాం. రాత్రి నొప్పికి మెలకువ వస్తే ఒక చుక్క. కింద కూర్చొని లేవడానికి గోడ పట్టుకుంటే ఒక గీత. మేడ మెట్లు ఆగకుండా ఎక్కలేకపోతే ఒక ఇంటూ. నెల రోజులు, ఎనిమిది సిట్టింగులు. మొదటి వారం క్యాలెండర్ చుక్కలతో నిండిపోయింది. నాలుగో వారంలో రెండే చుక్కలు. గీతలు సగమయ్యాయి. ఇంటూలు ఎన్ని ఉన్నవి అన్నీ ఉన్నాయి. ఆ నెలలోనే మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకొని, తొడ బిగించి అదిమే వ్యాయామం కూడా మొదలైంది, సీరియల్ చూస్తూ, ప్రకటనలు వచ్చినప్పుడల్లా. కాబట్టి చుక్కలు దేనివల్ల పోయాయో ఆ క్యాలెండర్ చెప్పలేదు.

తొమ్మిదో వారం క్లినిక్ నుంచి ఫోనొచ్చింది, ఇంకో పది సిట్టింగులు వేసుకుంటే బాగుంటుందని. అమ్మకు చెప్పాను. తువ్వాలు సర్దుకుంటూ క్యాలెండర్ వైపు ఒకసారి చూసింది.

“మెట్లు ఎక్కేదానికి సూది ఏమన్నా ఉండాదేమో కనుక్కో. ఉంటే పోదాం.”